కోడి ఈకా, కొర్రమీనూ

ఈ వారం శాకాహారులైన పాఠకులు నన్ను పెద్ద మనసుతో క్షమించాలి. వ్రాయబోయేది చేపలను గురించి. అయితే కూర వండే విధానం చెప్పబోవడం లేదు గనుక ముక్కు మూసుకోకుండానే చదవవచ్చు.

మా మేనల్లుడు అమెరికా నుంచి వచ్చాడు. కొలరాడో రాష్ట్రంలో, డెన్వరు పట్టణంలో వాడి ఉద్యోగం. భార్యకు సెలవు దొరక్క, ఆరేళ్ళ కూతురిని వెంటపెట్టుకుని తనొక్కడే వచ్చాడు. వస్తూ వస్తూ మాకందరికీ ఏవో తెచ్చాడు గాని, వాటన్నిటికన్నా మా ఆవిడ దృష్టి ఒక చిన్న డబ్బా మీద పడింది. మూత తీసేసరికి ఆవిడ కళ్ళు చక్రాల్లా తిరిగాయి. లోపల మెత్తటి దిండు మీద వరసలు వరసలుగా గుచ్చిన చిన్న చిన్న వస్తువులు. ఒకదానికి రాగితీగ చుట్టి ఉంది. ఒకటి నెమలికన్ను రంగులో మెరుస్తోంది. ఇంకొకటి బూడిదరంగు మీద తెల్లచారలతో ముద్దుగా ఉంది.

"జూకాలా నాయనా!" అంటూ ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకోబోయింది.

"అత్తయ్యా, ఆగు! అది గాలం!" అని వాడు కేక పెట్టాడు.

ఆ విధంగా ఈగ అనే వస్తువుతో మా ఇంటికి పరిచయం అయింది. ఈగ అంటే నిజం ఈగ కాదు. గాలానికి ఈకలూ, దారమూ, ఉన్నీ చుట్టి, పురుగులా కనిపించేట్టు కట్టే బొమ్మ. ట్రౌట్ అనే చేపను పట్టడానికి దీన్ని వాడతారుట. ఆ డబ్బాలో నూట ఇరవై దాకా ఉన్నాయి. అన్నీ వాడు స్వయంగా కట్టినవే. "ఆఫీసు నుంచి వచ్చాక ఇదే పని మామయ్యా, మనసు నిమ్మళంగా ఉంటుంది," అన్నాడు. మనసుకు నిమ్మళం లేని మనిషే ఆ మాట అంటాడని నాకు అప్పుడే తోచి ఉండవలసింది.

వాడి దిగులు నాకు తెలియకపోలేదు. వచ్చే ముందే ఫోనులో చెప్పాడు. మా అక్క పోయి రెండేళ్ళయింది. మా బావ కోడేరులో ఒక్కడే ఉంటున్నాడు. బడిపంతులుగా రిటైరై చాలా కాలమైంది. రక్తపోటు ఉంది. రాత్రిపూట ఏదైనా అయితే తలుపు తట్టేవాడు లేడు. కొడుకు వచ్చెయ్యమంటాడు, తండ్రి ససేమిరా అంటాడు. "నా మాట వినడు మామయ్యా. పిల్లను ముందు పెట్టి అడుగుదాం. మనవరాలు మెడచుట్టూ చేతులు వేసి రా తాతా అంటే కాదనలేడు. సమయం చూసి ఆ మాట నువ్వు ఎత్తాలి," అన్నాడు. నేను సరేనన్నాను. సరేననడమే కాదు, ఉపాయం బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకున్నాను కూడా. ఈ సంగతి పాఠకులు కొంచెం గుర్తు పెట్టుకోవాలి.

జడ్చర్ల, నాగర్‌కర్నూలు మీదుగా మేము కోడేరు చేరేసరికి సాయంత్రమైంది. ఆషాఢమాసం. నాలుగు వానలు పడి చెరువుల్లోకి నీళ్ళు వచ్చాయి. మా బావకు జీవితంలో ఉన్న వ్యసనం ఒక్కటే, గాలం. ఆదివారం వస్తే కట్ట మీద కూర్చునేవాడు. బెండు మునిగిందంటే ఇక ప్రపంచం మునిగినా ఆయనకు పట్టేది కాదు. కాబట్టి మేనల్లుడు డబ్బా తెరిచి చూపించగానే ఆయన కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు.

"మస్తుగున్నయిరా. కానీ వీటిని తినేటి చేప మన కాడ యాడున్నది?"

ఆ మాట నిజమే. ట్రౌట్ చల్లని నీటి చేప. నీటి వేడి ఇరవై డిగ్రీలు దాటితే దాని ప్రాణానికి ఇబ్బంది మొదలవుతుంది. పాలమూరు ఎండల్లో దాని సంగతి చెప్పనక్కరలేదు. అసలు అది మన దేశపు చేపే కాదు. 1900 ప్రాంతంలో బ్రిటన్ నుంచి గుడ్లు తెప్పించి కాశ్మీరు ఏళ్ళలో వదిలారు. తరువాత నీలగిరుల్లోనూ, మూన్నారు కొండల్లోనూ, హిమాచలంలోనూ పెంచారు. తెలుగువాళ్ళం దాన్ని పట్టాలంటే కొండలెక్కాలి, లేదా మా వాడిలా సముద్రాలు దాటాలి.

ఇక ఈగ సంగతి. చల్లటి ఏళ్ళలో ఒక జాతి పురుగు ఉంటుందిట. రాళ్ళ కింద నీటిలో పిల్లపురుగుగా ఏడాది దాకా బ్రతుకుతుంది. ఒకనాడు ఉన్నట్టుండి పైకి తేలి, రెక్కలు విప్పుకుని, గాలిలోకి లేస్తుంది. లేచాక దానికి తిండి తినడానికి పనికివచ్చే నోరైనా ఉండదు. జోడు కట్టి, గుడ్లు పెట్టి, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. ఆ పురుగులు లేచే వేళకు ట్రౌట్లు వాటినే ఏరుకుని తింటాయి. ఆ సమయంలో వానపాము చూపించినా కన్నెత్తి చూడకపోవచ్చు. ఆ పూట ఏ పురుగు లేస్తోందో నీటిమీద చూసి, అదే రంగు, అదే కొలత గల ఈగను డబ్బాలోంచి ఎంచుకోవడంలోనే వేటగాడి తెలివి ఉన్నదట.

ఇది విని మా బావ తొడ చరిచాడు. "మన ఉసిళ్ళ లెక్కనే గదరా! తొలివానకు ఉసిళ్ళు లేచిననాడు చెరువుల చేప ఎర్రను ముడుతదా? నేను నలభై ఏండ్ల నుంచి చూస్తున్న. ఆనాడు గాలం మూట కట్టి ఇంటికి పోవుడే."

ఇక్కడ ఒక మాట. కోస్తా పాఠకులు వానపాము అనేదాన్ని మా తెలంగాణంలో ఎర్ర అంటారు. గాలానికి గుచ్చితే అదే ఎర. ఒక్క రకారం తేడా.

తండ్రీ కొడుకుల మధ్య సంభాషణ ఇలా ఉసిళ్ళ దగ్గర కలిసింది. బావ ఉత్సాహంలో పడ్డాడు. ఆయన చరిత్ర పాఠం చెప్పిన పంతులు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం వ్రాశాడనీ, అందులో రాజులకు తగిన వినోదాలు చెబుతూ మత్స్యవినోదం అని గాలంవేటకు ఒక భాగమే కేటాయించాడనీ, ఏ చేపకు ఏ మేత వెయ్యాలో, గాలపు తాడు ఎలా ఉండాలో వివరించాడనీ చెప్పాడు. "మన పాలమూరు సీమ కూడ ఆ రాజుల ఏలుబడిలదే," అని మీసం దువ్వాడు. కొడుకు ఊరుకుంటాడా? రెండో, మూడో శతాబ్దాలలో రోములో ఉండిన ఈలియన్ అనే రచయిత, మాసిడోనియా దేశంలో జాలరులు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, రెండు కోడిఈకలు కట్టి చేపలను పట్టే సంగతి వ్రాసి పెట్టాడన్నాడు. మన మద్రాసు రాజధానిలో పని చేసిన హెన్రీ సల్లివన్ థామస్ అనే దొర 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనీ, 1887లో కేవలం మన చెరువుల గాలంవేట మీదనే 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అనీ పుస్తకాలు అచ్చు వేశాడన్నాడు. ఇద్దరికీ సరిసమానంగా మార్కులు పడ్డాయి.

"అయితే ఇప్పుడే ఒక ఉసిలి కట్టు, చూస్త," అన్నాడు బావ.

ఈగ కట్టడానికి గాలాన్ని కదలకుండా పట్టి ఉంచే చిన్న బిగింపు పట్టకారు కావాలి. అది వాడి పెట్టెలో ఉంది. దాన్ని బిగించడానికి బల్ల కావాలి. ఇంట్లో తగినది ఒక్కటే కనిపించింది. అది మా అక్క కుట్టుమిషను బల్ల. దారం కావాలి. మిషను సొరుగులో బిస్కట్ల డబ్బా ఉంది. అందులో అక్క దాచుకున్న దారపు ఉండలు అలాగే ఉన్నాయి. మేనల్లుడు వాటిలో నుంచి ఒక తేనెరంగు దారం తీశాడు. బావ చూశాడు గాని ఏమీ అనలేదు. దీపం కొంచెం దగ్గరికి జరిపాడు.

ఈకలకు ఇబ్బంది లేకపోయింది. పక్కింట్లో ముందురోజే మైసమ్మకు పుంజును కోశారు. దాని మెడ ఈకలు అడిగితే సంచెడు ఇచ్చారు. ఎందుకు మెడ ఈకలే అంటే, అవి సన్నగా, పొడుగ్గా, బిరుసుగా ఉంటాయి. కాడను గాలం చుట్టూ తిప్పితే పోగులన్నీ చక్రపు ఆకుల్లా విచ్చుకుని నిలబడతాయి. ఆ పోగుల కొసల మీద ఈగ నీటిపైన మునగకుండా నిలుస్తుంది. పెట్ట ఈక మెత్తన. నీరు పీల్చుకుంటుంది. నీటి లోపల తిరిగే పురుగును కట్టడానికి అదే మేలు. మన దేశపు కోడిపుంజు మెడ ఈకలు 'ఇండియన్ కేప్స్' అనే పేరుతో విదేశాల్లో ఈగలు కట్టేవాళ్ళకు చాలాకాలం నుంచి పరిచయమేనట. నెమలి ఈక పోగులు కూడా వాళ్ళకు ప్రాణమే. మన పొలాల్లో నెమళ్ళకు కొదవ లేదు గాని, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడమూ చంపడమూ నేరం. దానంతట అది రాల్చిన ఈక ఒకటి బావ పంచాంగంలో గుర్తుగా పెట్టుకున్నాడు. అందులో రెండు పోగులు దానం చేశాడు.

పని మొదలైంది. మొదట గాలం ఎంపిక. దీని లెక్క మన రూపాయి లెక్కకు తలకిందులు. నెంబరు పెరిగినకొద్దీ గాలం చిన్నదవుతుంది. ఉసిలికి 14 నెంబరు తీశాడు. అది నా చిటికెన వేలి గోరు కన్నా పెద్దదేమీ కాదు. కన్ను దగ్గర నుంచి వంపుదాకా దారం దగ్గర దగ్గరగా చుట్టాడు. ఇది పునాది. ఉత్త ఇనుము మీద ఈక జారిపోతుందట. దాని మీద నెమలి పోగులు పేని, ఒళ్ళు చేశాడు. రెక్కలకు లేతరంగు ఈక ముక్కలు రెండు వెనక్కు వాల్చి కట్టాడు. ఉసిలి రెక్కలు ఒంటి కన్నా పొడుగు గదా! తరువాత పుంజు ఈక కొస పట్టుకుని, మూడు చుట్లు తిప్పి, కన్ను దగ్గర ముడి వేసి, ముడి మీద ఒక్క చుక్క గోళ్ళ రంగు పెట్టాడు. పది నిమిషాల్లో బల్ల మీద ఉసిలి కూర్చుంది. మనవరాలు చేత్తో అదిలించి చూసింది, ఎగురుతుందేమోనని.

"కన్ను మూసుకుపోకుండ ముడి వేసినవు చూడు, అది పనితనం," అన్నాడు బావ. పొగడ్తలో మా బావ పిసినారి. కొడుకు మొహం విప్పారింది.

తరువాత ఆయనే కట్టి చూస్తానన్నాడు. చేతులు కొంచెం వణికాయి. దారం రెండుసార్లు తెగింది. మూడోసారి ఒక రూపం వచ్చింది. అది ఉసిలిలా లేదు, తడిసిన పిచ్చుకలా ఉంది. "నీళ్ళల్ల పడ్డంక చేపకు అద్దమేమన్న ఉన్నదా, చూసి పోల్చుకునేటందుకు?" అని ఆయనే నవ్వాడు.

ఉసిలితో చిన్నచేపలు పడతాయి. కొర్రమీను సంగతేమిటి? తెలంగాణ రాష్ట్రపు చేప అది. చెరువుల్లో దొర. మొప్పలతోపాటు పైగాలి పీల్చుకునే అర ఒకటి దాని తలలో ఉంటుంది. అందుచేత నీటిపైకి వచ్చి గుటక వేసి పోతుంది. చెరువు ఎండితే తడిబురదలో దాక్కుని వానలదాకా బ్రతకగలదు. మృగశిర కార్తె రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసం రోగులు మందుతో పాటు మింగే చేపపిల్ల కూడా ఇదే. దానికి ఇష్టమైనది కప్ప. బావ పద్ధతి బ్రతికిన కప్పను గుచ్చడం. మేనల్లుడు అది వద్దన్నాడు. పెరట్లో తెగిన హవాయి చెప్పు పడి ఉంటే తెచ్చి, బ్లేడుతో కోసి, ఒళ్ళు చేశాడు. మేక వెంట్రుకలు కాళ్ళయ్యాయి. తుంగలో చిక్కుకోకుండా గాలపు మొనకు అడ్డంగా బిరుసు నైలాను పోగు వంచి కట్టాడు. రాత్రి పదకొండయ్యేసరికి పాత చెప్పు కప్పగా మారింది. నీళ్ళబకెట్టులో వేస్తే అచ్చం కప్పలాగే తేలింది.

తెల్లవారి చెరువుకు వెళ్ళాము. చెరువులో చేపలు మత్స్యకారుల సంఘానివి. ప్రభుత్వం వదిలే చేపపిల్లలను పెంచుకునేదీ, వల వేసేదీ వాళ్ళే. ఎవరుపడితే వాళ్ళు గాలం వెయ్యకూడదు. సంఘంలో ఒక ముసలాయన బావకు పాత స్నేహితుడు. ముందు ఆయన ఇంటికి పోయి అడిగి, ఆయనను కూడా వెంటపెట్టుకుని కట్ట ఎక్కాము. దారిలో బావ కొడుక్కి చెరువు చదవడం నేర్పాడు. బొచ్చె మూతి పైకి ఉంటుంది, మేత పైనీటిలో. రవ్వ నడిమినీటిలో తిరుగుతుంది. మోసు అడుగున బురద వెతుకుతుంది. జెల్లకు ఎర్ర, రవ్వకు పిండిముద్ద, కొర్రమీనుకు తుంగ అంచున కదిలేది ఏదైనా. పొద్దెక్కక ముందు గట్టు వార, ఎండ ముదిరితే తామరాకు నీడ. డిగ్రీలు చదివిన కొడుకు బుద్ధిగా తల ఊపుతూ విన్నాడు.

ఈగ విసరడం చూడవలసిన తమాషా. ఈగకు బరువు లేదు. అందుచేత బరువంతా తాడులో ఉంటుంది. కొరడా ఝళిపించినట్టు తాడును వెనక్కూ ముందుకూ ఆడించి విప్పుతారు. మా ముసలాయన కాసేపు చూసి, "సారూ, చిన్నసారు గాలిని కొడుతున్నడేంది?" అని అడిగాడు. గాలి తరువాత నీటికీ తగిలింది. ఉసిలి మెత్తగా వాలింది. వెంటనే గుటుక్కుమంది. వేలెడు వెండిపరక! గంటలో అయిదు పడ్డాయి. వాడు ప్రతిదాన్నీ తడిచేత్తో పట్టుకుని, గాలం విడిపించి, మళ్ళీ నీళ్ళలో వదిలేశాడు. అక్కడ అదే మర్యాదట.

"పట్టి ఇడిచిపెట్టేటందుకు ఇంత తతంగమా?" అన్నాడు ముసలాయన.

"పట్టకముందే ఇడిచిపెట్టేటోళ్ళం మనం ఉన్నం గద," అన్నాడు బావ, రాత్రి తాను కట్టిన తడి పిచ్చుకను తలుచుకుంటూ.

అందరం నవ్వాము. మనవరాలు తాత వేలు పట్టుకుని నిలబడింది. ఇదే సమయం అనుకున్నాను. చల్లటి గాలి. బావ మంచి మాట మీద ఉన్నాడు. పిల్ల పక్కనే ఉంది. మేనల్లుడు నావంక చూసి కనుసైగ చేశాడు. నేను గొంతు సవరించుకున్నాను.

సరిగ్గా అప్పుడే తూము పక్కన నీటిమీద ఏదో ఎర్రగా కదిలింది. వానచినుకులు పడ్డట్టు అరచేతి వెడల్పున నీరు బుడబుడలాడింది. కట్టమీది పిల్లలు "కొర్రమట్ట పిల్లలు!" అని అరిచారు. నిజమే. వందలకొద్దీ పిల్లలు, ఎర్రటి గుత్తిలా ఒకదాన్నొకటి అంటుకుని, గాలి పీల్చడానికి పైకి వస్తున్నాయి. వాటి కింద, లోతులో, నల్లటి నీడ ఒకటి మెల్లగా తిరుగుతోంది. మోచేయి పొడుగు ఉంటుంది.

మేనల్లుడి ముఖం మారిపోయింది. లావు కర్రకు కప్పను తగిలించాడు. ఆ గుత్తి మీద కప్ప పడితే చాలు, కింద ఉన్నది ఆగదు. గాలం తెలిసిన ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. వాడు చెయ్యి ఎత్తాడు.

"ఆగురా," అన్నాడు బావ.

"ఎందుకు నాన్నా? ఒక్క వేటులో కొడుతుంది."

"కొడ్తది. నాకు తెల్వదా? కానీ అది ఆకలికి కొట్టదు. కడుపుతీపికి కొడ్తది. ఆకలి మీద ఎర వెయ్యి, ఆశ మీద వెయ్యి. కడుపుతీపి మీద వెయ్యకు."

కర్ర కిందికి దిగింది. ముసలాయన నీటివంక చూస్తూ చెప్పాడు. అది ఒక్కటి పోతే పొద్దుగూకే లోపల జెల్లలూ, కొంగలూ కలిసి ఈ పిల్లలలో సగం మిగల్చవట. మళ్ళీ ఏటికి చెరువులో ఏమి మిగులుతుంది?

బావ కట్టరాయి మీద కూర్చున్నాడు. కొంచెంసేపు ఆగి, కొడుకువైపు చూడకుండా అన్నాడు: "ఒకసారి పట్టిన. ఈ తూము కాడనే. రెండు కిలోల పైన ఉండె. సంబరంగ ఇంటికి తీసుకపోతే, యాడ పట్టినవని మీ అమ్మ అడిగింది. చెప్పిన. అప్పుడు నువ్వు దాని కడుపుల ఉన్నవు. చేపను ముట్టలేదు, వండలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. పక్కింటోళ్ళకు ఇచ్చింది."

మా అక్క ఈ సంగతి నాకు ఎన్నడూ చెప్పలేదు.

చాలాసేపటికి మేనల్లుడు మెల్లగా అన్నాడు. "అక్కడ కూడా ఉంది నాన్నా, ఇలాంటి కట్టుబాటు. చలికాలం ముందు ట్రౌట్ గులకరాళ్ళలో గుంట చేసి గుడ్లు పెడుతుంది. ఆ గుంటల మీద ఉన్న చేపకు మంచివాళ్ళు ఈగ వెయ్యరు, ఆ రాళ్ళు తొక్కరు. కాని ట్రౌట్ గుడ్లు కప్పి వెళ్ళిపోతుంది. ఇట్లా కాపలా కాయదు." కొంచెం ఆగి, "పుస్తకాల్లో ఏం రాశారంటే, కొర్రమీనులో ఎక్కువగా కాపలా కాసేది మగచేపేనట," అన్నాడు.

"మగదా?" బావ ఆశ్చర్యపోయాడు. "ఇన్నేండ్ల నుంచి తల్లి, తల్లి అనుకుంటిమి గదరా!"

"మరి వాళ్ళ అమ్మ లేదా తాతా?" అంది మనవరాలు.

"ఉంటది బిడ్డా. పక్కన్నే ఉంటది," అన్నాడు బావ.

సవరించుకున్న గొంతు సవరించుకున్నట్టే ఉండిపోయింది నాకు. నేను ఎత్తబోయిన మాట ఏమిటో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పిల్లను ముందు పెట్టి, తాత మెడకు చేతులు వేయించి, రా అనిపించడం. బ్రహ్మాండమైన ఉపాయం! ఎర్రటి పిల్లల గుత్తి మీద హవాయి చెప్పు కప్పను విసరడానికీ దీనికీ తేడా ఏమైనా ఉందా అని ఆలోచించాను. ఆయన తప్పకుండా కొడతాడు. ఆ సంగతి తెలిసే గదా ఆ ఎర ఎంచుకున్నాము! ఆకలితో రాని మనిషిని కడుపుతీపితో లాగితే, ఒడ్డున పడ్డ తరువాత ఆయనకు ఊపిరాడుతుందో లేదో మేమిద్దరమూ ఒక్క క్షణమైనా తలచుకోలేదు.

ఇంటికి వచ్చే దారిలో మేనల్లుడు నా పక్కకు చేరి, "ఆ మాట వద్దులే మామయ్యా," అన్నాడు. నేను తల ఊపాను.

రాత్రి భోజనాలయ్యాయి. పిల్ల నిద్రపోయింది. వరండాలో మంచం మీద బావ, గడప మీద వాడు. నేను లోపలినుంచి వింటున్నాను. వినకూడదు గాని విన్నాను.

"నాన్నా, నువ్వు ఒక్కడివి ఉంటే నాకు భయంగా ఉంది. రాత్రి ఫోను మోగితే గుండె ఆగిపోతోంది. అమ్మప్పుడు ఆలస్యంగా వచ్చాను. అదే నా భయం. నువ్వు రావాలని నేను అనను. నా భయం నీకు చెప్పాలనిపించింది, అంతే."

పిల్ల పేరు ఎత్తలేదు. ఏ ఈకా, ఏ దారమూ కట్టని మాట అది. బావ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకు అక్కడ భయంరా. చెరువు లేని ఊళ్ళె పొద్దు యాడ పోతది?" అన్నాడు. ఇద్దరి భయాలూ మంచం పక్కన ఎదురెదురుగా కూర్చున్నట్టు అనిపించింది. ఏమీ తేలలేదు. కాని ఆ రాత్రి తలుపు తట్టేవాడిని గురించి ఒక ఏర్పాటు మాత్రం జరిగింది. పక్కింటి కుర్రవాడు రోజూ రాత్రి వచ్చి వరండాలో పడుకునేట్టు, బావ ఒప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ మాటకు కూడా ఒప్పుకోని మనిషి!

పొద్దున మేము బయలుదేరుతుంటే, బావ కారు కిటికీ దగ్గరకు వచ్చి, నాతో తగ్గు గొంతుకతో అన్నాడు: "బామ్మర్దీ, ఆ కొలరాడోల చేప ఏ నెలల బాగ పడ్తదో అడిగినవా?"

"సెప్టెంబరుట," అన్నాడు మేనల్లుడు ముందు సీటులోంచి.

"విమానంల ఎర్రలు రానిస్తరా?"

"రానివ్వరు నాన్నా. కొన్ని ఏళ్ళలో చేత్తో కట్టిన ఈగలే వెయ్యాలి. బ్రతికిన ఎర పనికిరాదు."

"అయితే కట్టుడు నేర్చుకోవాలె గద," అని, చేతిలోని బిస్కట్ల డబ్బా మా వాడి ఒళ్ళో పెట్టబోయి, మళ్ళీ వెనక్కు తీసుకున్నాడు. "దారం ఇక్కడనే ఉండనీ. ఆ పట్టకారు మాత్రం ఇడిచిపెట్టి పో."

హైదరాబాదు చేరగానే మా ఆవిడ వాకిట్లోనే పట్టుకుంది. "ఏమన్నారు బావగారు? వెళతానన్నారా?"

"విమానంలో వానపాములను రానిస్తారా అని అడిగాడు," అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే సెప్టెంబరు లోపల ఆయనకు నాలుగు స్వెట్టర్లు కావాలన్నమాట," అని, ఊలు ఏ రంగు బాగుంటుందో ఎంచడానికి లోపలికి వెళ్ళింది.